రిజిస్టరులో మొదటి పిల్ల

మా గుడికి జూబిలీ వస్తోందని, దానికి ఒక పుస్తకం వేస్తున్నారని, అందులో మొట్టమొదటి కుటుంబాల చరిత్ర రాసే పని నాకు అప్పజెప్పారని తెలిసిన ఆదివారం నేను గుడి నుంచి ఇంటికి నడవలేదు, దాదాపు పరిగెత్తాను. శాలిబండ సందుల్లో చీర కట్టుకున్న ఇరవై రెండేళ్ల పిల్ల అట్లా ఉరుకుతుంటే బీడీల దుకాణం ముసలాయన కంగారుపడి, "క్యా హువా బేటీ? సబ్ ఖైరియత్?" అని అడిగాడు. "మస్తు ఖైరియత్ చాచా!" అని అరిచి, ఆగకుండా వచ్చేశాను.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు అనుకుంటాను. నేను ఒక ప్రభుత్వ కార్ఖానాలో, స్టోర్సు సెక్షన్‌లో టైపిస్టును. ఎన్ని నట్లు వచ్చాయి, ఎన్ని బోల్టులు పోయాయి, పొద్దంతా అవే జాబితాలు కొట్టేదాన్ని. అట్లాంటి దాన్ని కూర్చోబెట్టి మనుషుల జాబితా రాయమంటే పండుగ కాక మరేమిటి? చిన్నప్పటినుంచి నాకు ఈ పిచ్చి ఉంది. పెండ్లిళ్లలో అందరూ విస్తళ్ల దగ్గర తోసుకుంటుంటే నేను ముసలమ్మల పక్కన చేరి, ఆమె నీకేమవుతుంది, ఈయన ఎవరి కొడుకు అని వాళ్ల ప్రాణాలు తీసేదాన్ని.

మా గుడి, అంటే చర్చి, చిన్న రాతి కట్టడం. పాలమూరు దిక్కు నుంచి కరువుకు తట్టుకోలేక నడిచి వచ్చిన పది పన్నెండు కుటుంబాలు కట్టుకున్నది. వాళ్లలో నవాబుల దేవిడీల్లో గుర్రాలకు గడ్డి కోసినవాళ్లు ఉన్నారు, రోడ్లకు కంకర కొట్టినవాళ్లు ఉన్నారు, తాపీ పనివాళ్లు ఉన్నారు. వాళ్లు వచ్చేసరికి ఆ చోట తుమ్మచెట్లు, బండలు తప్ప ఏమీ లేవని, చెట్లు కొట్టి గుడిసెలు వేసుకున్నారని చెప్పుకునేవాళ్లు. అంతా నోటిమాటే, రాసిపెట్టినవాళ్లు లేరు. ఆ నోటిమాటల్లో అందరి తాతలూ గుడికి మొదటి రాయి మోసినవాళ్లే. ఆ మొదటి రాళ్లన్నీ పోగేస్తే పక్కనే ఇంకో గుడి లేచేది.

పాస్టరును మేం అయ్యగారు అంటాం. ఆ ఆదివారం అయ్యగారు ఇంకో మాట కూడా ప్రకటించారు. ఈ గుడిలో మొట్టమొదట బాప్తిస్మం పొందిన బిడ్డ ఎవరో రిజిస్టరు చూసి తేల్చాలి. ఆ మనిషి బతికి ఉంటే జూబిలీ పొద్దున గంట వారి చేతనే కొట్టించాలి. లేకపోతే ఆ ఇంటివాళ్లు కొట్టాలి.

ఈ సంగతి ఇంట్లో చెప్పానో లేదో, గడప దగ్గర చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా నాయనమ్మ చేతులు ఆగిపోయాయి.

"గంట నేను కొట్టాలె," అంది.

"నువ్వెందుకు నాయనమ్మా?"

"ఎందుకేంది? గీ గుడిల మొదలు నీళ్లు పడ్డది నా నెత్తి మీదనే. మా అవ్వ చెప్పింది." నాయనమ్మ తన తల్లిని అవ్వ అనేది.

అప్పటికి నాయనమ్మకు డెబ్బై దాటాయి. ప్రసూతి దవాఖానాలో ఆయాగా పనిచేసి రిటైరైంది. గుడి ఊడ్చేది, పండుగలకు సున్నం కొట్టేది, చివరి వరుసలో గోడకు ఆనుకుని కూర్చునేది. ఎవరైనా ముందుకు రమ్మంటే నాకు ఈడనే మంచిగున్నది అనేది. అట్లాంటి మనిషి ఒకటి కావాలని నోరు తెరిచి అడగడం నేను అదే మొదటిసారి వినడం.  మొదటి బిడ్డ మా ఇంట్లోనే ఉంది, ఇంక వెతకడానికేముంది, రిజిస్టరు తెరిచి చూపిస్తే అయిపోతుందనుకున్నాను.

రిజిస్టర్లు మా సంఘపెద్ద దగ్గర ఉండేవి. బస్సుల డిపార్టుమెంటులో హెడ్ క్లర్కుగా రిటైరైనా ఆయన ఇంకా సీట్లోనే కూర్చున్నట్టు మాట్లాడేవాడు. అల్మారా తాళంచెవి దారంతో మెడలో వేలాడేది. ఎవరేం చెప్పినా "ప్రూఫ్ ఏది?" అనేవాడు. వాన పడుతోందని చెప్పినా అదే అనేవాడని అయ్యగారి భార్య నవ్వేది. శనివారం మా ఆఫీసు ఒక పూటే. ఆ మధ్యాహ్నం గుడి పక్క గదిలో ఆయన అల్మారా తెరిచి మూడు రిజిస్టర్లు తీసి నా ముందు పెట్టాడు. బాప్తిస్మాలది ఒకటి, పెండ్లిళ్లది ఒకటి, సమాధులది ఒకటి.

"చేతులు కడుక్కున్నవా?" అన్నాడు.

"రెండుసార్లు కడుక్కున్న తాతా."

అట్ట తిప్పగానే చెదలు తిన్న పొడి ఒళ్లో పడింది. లోపల మాత్రం సిరా చెక్కుచెదరలేదు. అప్పట్లో పాస్టరు లేని గుడిని నడిపిన ఉపదేశి ఎవరో గాని ముత్యాల్లాంటి దస్తూరి. బిడ్డ పేరు, పుట్టిన రోజు, బాప్తిస్మం రోజు, తండ్రి, తల్లి, విడిచి వచ్చిన ఊరు, చేసే పని. గడ్డి కోత. కంకర. తాపీ. గుర్రాల సాల. మా వీధిలో నేను రోజూ చూసే ముసలివాళ్లంతా అక్కడ నెలల పిల్లలై పడుకుని ఉన్నారు. చౌరస్తాలో సైకిళ్లు బాగుచేసే ముసలాయన పుట్టినప్పుడు ఎంత బక్కగా ఉన్నాడో ఏమో, ఆయన పేరు పక్కన ఉపదేశి 'బలహీనుడు, ప్రార్థించవలెను' అని రాసిపెట్టాడు. నాకు నవ్వు ఆగలేదు, కళ్లలో నీళ్లు కూడా ఆగలేదు.

మొదటి పేజీ, మొదటి వరుస. ఆడపిల్ల. పేరు మా నాయనమ్మ పేరే! కుర్చీలోంచి లేచేశాను. తర్వాత పక్క గడి చదివి మళ్లీ కూర్చున్నాను. తల్లిదండ్రులు వేరు. అక్కడున్నవి మా నాయనమ్మ తల్లిదండ్రుల పేర్లు కావు, సంఘపెద్ద వాళ్ల తాతవి, వాళ్ల నాయనమ్మవి.

"మా మేనత్త," అన్నాడు ఆయన, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి. "మా బాపుకు అక్క. చిన్నప్పుడే పోయిందంటరు. గంట మా ఇంటోళ్లదే."

"మరి పేరు మా నాయనమ్మది కదా తాతా."

"పేరుదేమున్నది? ఆ పేరు గీ గుడిల ఇంటికి ఇద్దరికున్నది. ప్రూఫ్ కావాలె."

మాట నిజమే. అది అందరూ పెట్టుకునే పేరే. ఇంటికి వచ్చి నాయనమ్మకు చెప్పాను. రిజిస్టరులో మొదటి పిల్ల సంఘపెద్ద ఇంటి పిల్లని ఉందని, నీ పేరుతో నీ తల్లిదండ్రుల బిడ్డ బాప్తిస్మాల పుస్తకంలో ఎక్కడా లేదని. కోపం చేస్తుందనుకున్నాను. ఆమె మొహం చిన్నబోయింది. ఏదో చెప్పబోయి ఆగింది. "మా అవ్వ అబద్ధం చెప్పదు," అని లోపలికి వెళ్లిపోయింది.

మరుసటి ఆదివారానికి ఆ సంగతి గుడంతా పాకింది. నల్లా దగ్గర ఆడవాళ్లు "ఏం గంటమ్మా, ఎప్పుడు కొడ్తవు?" అని ఆటపట్టించారు. నాయనమ్మ నవ్వినట్టు మొహం పెట్టింది గాని, ప్రార్థన అవగానే ఊడ్చే చీపురు కూడా ముట్టకుండా ఇంటికి వెళ్లింది. నాకు మండిపోయింది. ముసలామెను గుడిలో అబద్ధాలకోరును చేసింది నేను తెరిచిన పుస్తకమే. జూబిలీకి ఇంకా మూడు వారాలుంది. తల్లి చెప్పిన మాట నిజమని నాయనమ్మకు తేల్చి చూపించాలి, అంతే అనుకున్నాను.

మా స్టోర్సులో ప్రతి సామానుకూ ఒక అట్ట కార్డు ఉంటుంది. ఎడమ పక్క వచ్చినవి రాస్తాం, కుడి పక్క పోయినవి రాస్తాం. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. కాబట్టి పాత అట్టపెట్టెలు కోసి ఇంటికొక కార్డు చేశాను. ఎడమ పక్క పుట్టినవాళ్లు, కుడి పక్క పోయినవాళ్లు. మా అమ్మ చూసి, "మనుషులను నట్లు బోల్టులు చేసినవు కదనే," అంది. నేను పట్టించుకోలేదు. మూడు రిజిస్టర్లలోని ప్రతి వరుసా ఏ ఇంటిదైతే ఆ ఇంటి కార్డు మీదికి ఎక్కించాను. రెండు శనివారాలు, రెండు ఆదివారాల మధ్యాహ్నాలు పట్టింది. వేళ్లకు సిరా, మెడకు నొప్పి. ఇంత సంతోషంగా నేను ఎప్పుడూ పని చేయలేదు.

ముందు సంఘపెద్ద ఇంటి కార్డు నన్ను ఆపింది. మొదటి పిల్ల ఎడమ పక్క ఉంది. చిన్నప్పుడే చనిపోతే కుడి పక్క ఉండాలి కదా? లేదు. సమాధుల రిజిస్టరు మళ్లీ మొదటినుంచి చూశాను. ఆ ఉపదేశి పురిట్లో పోయిన పసిగుడ్లను కూడా వదలకుండా రాసిన మనిషి. ఈ పిల్లను పూడ్చి ఉంటే రాయకుండా ఉండడు. పోనీ పెరిగి పెండ్లి చేసుకుందా అంటే పెండ్లిళ్లలోనూ ఆ తల్లిదండ్రుల బిడ్డగా లేదు. వచ్చిన సరుకు బయటికి పోలేదు, చూస్తే గోదాములోనూ లేదు.

తర్వాత నాయనమ్మ పుట్టింటి కార్డు. ఎడమ పక్క నాయనమ్మ ఇద్దరు తమ్ముళ్లు ఉన్నారు. నాయనమ్మ లేదు. కుడి పక్క చూస్తే, సమాధుల రిజిస్టరు మొదటి పేజీలో నుంచి ఎక్కించిన మూడు వరుసలు. ఇంకా గుడి లేవకముందే ఈ నేలలో పూడ్చినవి. మగపిల్లవాడు, పదకొండు రోజులు. ఆడపిల్ల, మూడు నెలలు. మగపిల్లవాడు, ఒక రోజు. మూడింటికీ తల్లి పేరు ఒక్కటే, మా నాయనమ్మ వాళ్ల అవ్వది. ఆ మూడు వరుసలూ నేనే నా చేత్తో ఎక్కించాను గాని, అన్నీ ఒక్క అట్ట మీద పక్కపక్కన చూసేదాకా నాకు తలకెక్కలేదు.

రెండు కార్డులూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. స్టోర్సులో ఇట్లా అప్పుడప్పుడూ అవుతుంది. ఒక డబ్బాలో ఒకటి ఎక్కువ, పక్క డబ్బాలో ఒకటి తక్కువ. దొంగతనం కాదది, వేసేటప్పుడు పక్క డబ్బాలో వేశారన్నమాట.  మళ్లీ సంఘపెద్ద ఇంటి కార్డు తీసుకుని పుట్టిన రోజులు చూశాను. మొదటి పిల్ల జనవరిలో పుట్టింది. ఆ తర్వాత పిల్లవాడు, అంటే సంఘపెద్ద వాళ్ల బాపు, అదే ఏడాది జూన్‌లో పుట్టాడు. ఒక్క తల్లికి అయిదు నెలల తేడాతో ఇద్దరు పిల్లలు! మధ్యలో ఏడెనిమిది మంది పిల్లల పేర్లు ఉండడంతో ఇన్నేళ్లూ ఎవరూ పట్టుకోలేదు. నేను గదిలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, గంతు కూడా వేశాను.

ఇంటికి వచ్చి నాయనమ్మ ముందు కూర్చుని, ఏమీ అడగకుండా, సమాధుల వరుసలు చదివి వినిపించాను. పదకొండు రోజులు. మూడు నెలలు. ఒక రోజు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గవి కూడ రాసిండ్రా?" అంది.

"రాసిండ్రు. నాలుగోదానివి నువ్వు కదా? నిన్ను ఎందుకు వాళ్ల బిడ్డని రాసిండ్రు నాయనమ్మా?"

"గుళ్లె చెప్పొద్దని మా అవ్వ నాతోని ఒట్టేయించుకున్నది."

"ఇది గుడి కాదు. మన ఇల్లు."

అప్పుడు చెప్పింది. ముగ్గురు పిల్లలు పోయాక నాలుగోది పుడితే, ఆ రోజుల్లో ఆడవాళ్లు ఏం చేసేవాళ్లో నేను విననిది కాదు. పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెట్టి, పక్కింటామెకు తవుడుకు అమ్మేస్తారు. దోసెడు తవుడు తీసుకుని బిడ్డను ఇచ్చేస్తారు. ఇక ఆ బిడ్డ తల్లిది కాదు, ఆమె పిల్లల కోసం వచ్చే చావుకు ఆ ఇంట్లో బిడ్డ కనిపించదు. పాలు తల్లే ఇస్తుంది, పెంచేదీ తల్లే, పేరుకు మాత్రం కొన్నామె బిడ్డ. నడక వచ్చాక తవుడు వాపసిచ్చి బిడ్డను తెచ్చుకుంటారు. పాత ఊరి అలవాటు. కొత్తగా గుడిలో చేరినవాళ్లు ఇట్లాంటివి చేస్తే అప్పటి ఉపదేశి గుడి మెట్టు ఎక్కనిచ్చేవాడు కాదు. అందుకే ఆడవాళ్లంతా కలిసి దాచారు.

"మూడో దినమే బాప్తిస్మం. ఉపదేశి, ఎవరి బిడ్డ అని అడిగిండంట. మా అవ్వ నాది అంటే బేరం చెడ్తది. నోరు మూసుకున్నది. ఆ ఇంటామె నన్ను ఎత్తుకొని ఉన్నది, నా బిడ్డే అన్నది. గది నోటిమాట అనుకున్న నేను. పుస్తకంల ఎక్కిందని నాకేం ఎరుక? నాకు సదువొస్తదా?"

"మరి ఆ ఉపదేశికి తెల్వదా, ఆమె అప్పుడు కడుపుతోని ఉందని?"

"నాలుగు నెలల కడుపు ఏం కనిపిస్తది? మొగోనికి చీర తప్ప ఇంకేం కనిపిస్తది?" అని నాయనమ్మ అన్ని రోజుల తర్వాత గట్టిగా నవ్వింది.

నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. అయినా సంఘపెద్ద ప్రూఫ్ అంటాడు. కొన్నామె ఎప్పుడో పోయింది. ఆమె కూతురు ఒకామె, సంఘపెద్దకు సొంత మేనత్త, కార్వాన్‌లో బిడ్డ దగ్గర ఉంటోందని నాయనమ్మ చెప్పింది. నడవలేదు కాబట్టి గుడికి రాదు. రాని మనిషిని ఎవరూ ఏమీ అడగలేదు. ఆదివారం మధ్యాహ్నం నాయనమ్మను బస్సెక్కించుకుని కార్వాన్ వెళ్లాను.

ఆమె వాకిట్లో నులకమంచం మీద ఉంది. చూపు మందగించింది. నాయనమ్మ పక్కన కూర్చుని చేయి పట్టుకుంది. ఆమె ఆ చేతిని తడిమి తడిమి, "అక్కా?" అంది. ఇద్దరూ ఏడ్చారు. నేను ఆగలేక తవుడు సంగతి అడిగేశాను. దాచే ఉద్దేశమే లేదు ఆమెకు.

"మా అవ్వ నన్ను కొట్టినప్పుడల్ల గదే అంటుండె. నేను కొన్నదే నయం, బుద్ధిగుంటది, నువ్వు ఎందుకు పనికి రాలే అని. గీ అక్క మీద నాకు మస్తు కోపముండె అప్పుడు."

"తవుడు వాపసిచ్చి తెచ్చుకోలేదా మరి?"

"యాడ తెచ్చుకున్నరు? నడిచినంక తవుడు ఇస్త అన్నదంట అక్కను కన్నామె. నడిచింది. పండ్లొచ్చినంక అన్నది. వచ్చినయి. పెండ్లయినంక అన్నది. ఎప్పుడిద్దామన్న భయమే ఆమెకు. ఇయ్యకనే పోయింది." తర్వాత నా వైపు తిరిగి, "మావోనికి చెప్పు. నమ్మకుంటే ఈడికి రమ్మను. చెవి పిండి చెప్త," అంది.

మరునాడు ఆఫీసు నుంచి నేరుగా సంఘపెద్ద ఇంటికి వెళ్లి రెండు కార్డులూ ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు దించి చదివాడు. జనవరి నుంచి జూన్ దాకా వేళ్ల మీద లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. "క్లరికల్ మిస్టేక్," అన్నాడు.

"ఈ ఇంట్ల ఒకరు ఎక్కువ, ఆ ఇంట్ల ఒకరు తక్కువ తాతా. మీరు హెడ్ క్లర్కు చేసిండ్రు. ఇట్లయితే మీరేమంటరు?"

 కార్వాన్ ముచ్చట, చెవి పిండే ముచ్చటతో సహా, చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కాసేపు పైకప్పు చూశాడు. నేను గెలిచానని అనుకున్నాను. ఆయన ఉన్నట్టుండి లేచి చెప్పులు వేసుకున్నాడు.

"అయితే మా మేనత్త బతికే ఉన్నదన్నట్టు!"

నాకంటే ముందే మా ఇంటికి చేరాడు. దారిలో అరటిపండ్లు కూడా కొన్నాడు. "అత్తమ్మా!" అని గడప దగ్గరే కేకేశాడు. యాభై ఏళ్లుగా ఒకే గుడిలో కూర్చుంటూ, ఎన్నడూ నోరారా పలకరించని మనిషి. తవుడు వాపసు రాలేదు కాబట్టి ఆమె ఇప్పటికీ తమ బిడ్డేనని, రిజిస్టరు అక్షరం కూడా తప్పు కాదని, దాన్ని దిద్దే పనే లేదని, గంట తమ ఇంటిదే, కొట్టేది తమ అత్తమ్మే అని సంబరంగా చెప్పాడు. ఆయన సంబరం నిజమైనదే, నాకు ఇప్పటికీ అనుమానం లేదు. కాని నాకు ఒళ్లు మండింది. కన్న తల్లి ఏమైనట్టు మరి? మూడు సమాధుల పక్కన ఉన్న ఆమె పేరు ఈ బిడ్డ పక్కన ఉండదా?

ఆయన వెళ్లాక నాయనమ్మతో లొల్లి పెట్టుకున్నాను. నేను రాసే పుస్తకంలో ఉన్నదున్నట్టు రాస్తానన్నాను.

"వద్దు బిడ్డా. మా అవ్వ గుళ్లె అబద్ధమాడిచ్చిందని అందరు అనుకుంటరు. సచ్చిపోయినామెను ఎందుకు బద్నాం చేసుడు? పుస్తకంల ఎట్లున్నదో అట్లనే రాయి. గంట కొడితే నాకు చాలు."

ఆమె ఫికర్ నాకు అర్థమైంది. నచ్చలేదు. అయినా జూబిలీ కార్యక్రమం కాగితం మీద, రిజిస్టరులో ఉన్న తల్లిదండ్రుల పేర్లతోనే, ఫలానా వారి కుమార్తె అని టైపు చేశాను. నాలుగు కార్బన్ కాగితాలు పెట్టి కొట్టాను. ఆ వరుస కొట్టేటప్పుడు నా వేళ్లు ఎందుకో బరువెక్కాయి.

జూబిలీ పొద్దున గుడి నిండిపోయి మనుషులు వాకిట్లో కూడా నిలబడ్డారు. సంతోష్‌నగర్‌కు మారిపోయిన కుటుంబాలన్నీ వచ్చాయి. నాయనమ్మ గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుంది. మొదటి వరుసలో కూర్చోమంటే కూర్చుంది, కాని బెంచీ అంచున మాత్రమే. సంఘపెద్ద కాగితం అందుకుని ఖంగుమనే గొంతుతో చదివాడు. ఈ గుడిలో మొట్టమొదట బాప్తిస్మం పొందిన బిడ్డ, అని నాయనమ్మ పేరు చదివాడు. జనమంతా వెనక్కి తిరిగి, తర్వాత ముందుకు తిరిగి, ఆమెను వెతికారు. నల్లా దగ్గర ఆటపట్టించిన ఆడవాళ్లే ముందు చప్పట్లు కొట్టారు.  నాయనమ్మ వెళ్లి గంట తాడు పట్టుకుంది.

ఆయన తన తాత పేరు చదివాడు. తన నాయనమ్మ పేరు కూడా చదివి, వారి కుమార్తె అన్నాడు.

నాయనమ్మ తాడు లాగలేదు.

"ఆగు బిడ్డా," అంది.

అయ్యగారు, సంఘపెద్ద ఇద్దరూ ఆమె వైపు చూశారు. 

"నన్ను ఎత్తుకొని నా బిడ్డ అన్నామె మంచిది. ఆమె పుణ్యాన బతికిన. కాని నన్ను కన్నది ఆమె గాదు." తాడు ఆమె చేతిలోనే ఉంది. "మా అవ్వకు ముగ్గురు పిల్లలు పోయిండ్రు. నాలుగోదాన్ని నాది అంటే సావు వింటదని గీడనే, గిదే నేల మీద, నోరు మూసుకొని నిలబడ్డది. నన్ను తవుడుకు అమ్మింది. తప్పయితే తప్పే, అయ్యగారు ఏమన్న అనుకోని. మా అవ్వ సచ్చేదాంక భయపడ్డది. నాకు డెబ్బై ఏండ్లు దాటినయి. ఇగ సావు వింటే విననీ."

అని తన తల్లి పేరు చెప్పింది. గట్టిగా, వాకిట్లో ఉన్నవాళ్లకు కూడా వినపడేటట్టు చెప్పింది. చెప్పి, "ఆమె బిడ్డను," అంది. ఆ పేరు నేను పెండ్లిళ్లలో ముసలమ్మల దగ్గర విన్నాను, సమాధుల రిజిస్టరులో మూడుసార్లు చదివాను. పుట్టిన దగ్గర్నుంచి అవ్వ అనడమే గాని, మా ఇంట్లో ఎవరి నోటా ఆ పేరు వినలేదు. నాయనమ్మ నోట కూడా అదే మొదలు.

 సంఘపెద్ద చేతిలోని కాగితం వైపు చూశాడు. ఈసారి ప్రూఫ్ అడగలేదు. జేబులోంచి కలం తీసి, తన తాత, నాయనమ్మల పేర్ల కింద ఏదో రాసుకుని, కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదటినుంచి చదివాడు. వారి కుమార్తె అన్న తర్వాత ఒక్క క్షణం ఆగి, మా నాయనమ్మను కన్న తల్లి పేరు కూడా చదివాడు.

అప్పుడు నాయనమ్మ తాడు లాగింది. పన్నెండు గంటలు కొట్టాలని కార్యక్రమంలో నేనే టైపు చేశాను. పన్నెండూ అయిపోయాయి. అయ్యగారు చాలమ్మా అన్నారు. ఆమె వినలేదు, రెండు చేతులతో లాగుతూనే ఉంది. నేను దగ్గరికి వెళ్లాను గాని ఆపడానికి చేతులు రాలేదు, ఆమె పక్కన నిలబడి నేను కూడా తాడు పట్టుకున్నాను.